చేయి తిరగాలంటే... ఒక్క రిలే చాలు!

హైదరాబాద్‌లోని నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో ఏ వర్క్‌షాపులోనైనా ఎలక్ట్రీషియన్ ప్యానెల్ బోర్డు తలుపు తీసినప్పుడు చూడండి. అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బా ఒకటి టక్‌మంటుంది, ఆ వెంటనే మోటారు తిరుగుతుంది. ఆ డబ్బాయే రిలే. చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చదివే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: ఆత్మవిశ్వాసం ఉపన్యాసాలు వింటే రాదు, ఒక చిన్న పనిని మొదటి నుంచి చివరి దాకా పద్ధతిగా పూర్తి చేస్తే వస్తుంది. 5 వోల్టుల రిలేతో 12 వోల్టుల డీసీ ఫ్యాన్‌ను తిప్పడంతో మొదలుపెట్టండి. ఈ పని అయిదు మంచి అలవాట్లు నేర్పుతుంది.

1. చెయ్యి పెట్టేముందు చదవండి

రిలే మీద రెండు రకాల అంకెలుంటాయి. 5 వోల్టులన్నది లోపలి కాయిల్‌కు. 10 ఆంపియర్లు, 30 వోల్టుల డీసీ అన్నది కాంటాక్టులు తట్టుకునే హద్దు. మోటారు కదిలే క్షణంలో మామూలుకంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే హద్దు అంచున పని పెట్టకండి. ఉద్యోగ ఒప్పందమైనా, అప్పు పత్రమైనా ఇంతే. చదివాకే సంతకం.

2. శక్తికి మించింది నెత్తిన వేసుకోకండి

ఈ రిలే కాయిల్‌కు సుమారు 70 మిల్లీఆంపియర్లు కావాలి. దాన్ని నడిపే ఆర్డుయినో ఉనో అనే చిన్న కంట్రోల్ బోర్డు పిన్ను నుంచి 20 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకపోవడమే మంచిది. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్, దాని బేస్‌కు 1 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే పని సులువవుతుంది. చిన్న సంకేతం పెద్ద పని చేయించేది ఇలాగే. సాయం అడగడం చేతకానితనం కాదు, పని తెలిసినవాడి లక్షణం.

3. ఎదురుదెబ్బకు ముందే దారి చూపండి

కాయిల్‌కు కరెంటు ఆపగానే అందులోని అయస్కాంత శక్తి ఎదురు వోల్టేజీగా తన్నుకొస్తుంది. ట్రాన్సిస్టర్ కాలిపోవడానికి ఆ ఒక్క దెబ్బ చాలు. కాయిల్ రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడు పెట్టండి. దాని తెల్ల గీత ప్లస్ వైపు ఉండాలి. ఈ డయోడు రూపాయల్లో పని, మరచిపోతే బోర్డే పోవచ్చు. కోపం వచ్చాక ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించుకున్నవారే మాట జారకుండా నిలబడతారు.

4. కంట్రోల్ పోతే ఏం కావాలో ముందే తేల్చుకోండి

రిలేకు కామన్, ఎన్‌ఓ (కాయిల్‌కు కరెంటు లేనప్పుడు తెరిచి ఉండేది), ఎన్‌సీ (అప్పుడు మూసి ఉండేది) అని మూడు కాంటాక్టులుంటాయి. కంట్రోల్ సర్క్యూట్ పనిచేయకపోతే మోటారు ఆగిపోవాలా? ఎన్‌ఓకు కలపండి. చల్లబరిచే ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలా? ఎన్‌సీకి కలపండి. ఇంట్లో ఆదాయం ఆగితే ఏ ఖర్చు ఆపాలో, ఏది ఆపకూడదో కూడా కాగితం మీద రాసిపెట్టుకోండి.

5. ఒక్కో మెట్టూ పరీక్షించండి

ముందు ఫ్యాన్ లేకుండా రిలేను మాత్రమే నడపండి. టక్‌మనగానే మల్టీమీటర్‌ను కామన్‌కూ ఎన్‌ఓకూ ఆనించండి, బీప్ రావాలి. తర్వాతే 12 వోల్టుల ప్లస్‌ను ఫ్యూజు మీదుగా కామన్‌కు, ఎన్‌ఓ నుంచి ఫ్యాన్‌కు ఇవ్వండి. అన్నీ ఒకేసారి కలిపేస్తే తప్పెక్కడుందో పట్టుకోవడం కష్టం.

ఇలా సొంత చేతులతో చేసి నేర్చుకోవడానికి స్ఫూర్తి కూడా పక్కనే ఉంది. నాచారానికి దగ్గర్లోనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో నిలబెట్టిన సంస్థ అది. ఎలక్ట్రానిక్స్ మన చేతులతో మనమే చేసుకోవాలన్న పట్టుదలే దాని పునాది. ఆయన పేరుతోనే ఏఎస్ రావు నగర్ వెలిసింది. ఆ గాలి పీల్చుతూ పెరిగే పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టడానికి జంకకూడదు.

ఈ వారమే ఉప్పల్‌లో బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. రిలే, ట్రాన్సిస్టర్, రెసిస్టర్, డయోడు, ఫ్యూజు కొనుక్కోండి. బొమ్మ గీసుకుని, సప్లై ఆపి, వైర్లు కలపండి. 230 వోల్టుల జోలికి మాత్రం పని తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా వెళ్లకండి. ఫ్యాన్ తిరిగాక అంతా విప్పేసి, తమ్ముడికో స్నేహితుడికో నేర్పుతూ మళ్లీ కలపండి. అతని ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, ఆ విద్య మీ సొంతమైనట్టే.