ఆదివారం అందరిదీ కావాలి



పొలాల అమావాస్య నాడు మన పల్లెల్లో ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. వాటిని వాగుకు తోలుకుపోయి కడుగుతారు. కొమ్ములకు రంగులు వేస్తారు, మంచి మేత పెడతారు. ఏడాదంతా దున్నిన ఎద్దుకు ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలని మన పెద్దలకు తెలుసు. మరి ఏడాదంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఆ రోజు ఎప్పుడు వస్తుంది? పొలాల పండుగ నాడు పోలెలు చేసేది కూడా ఆమే కదా!

కుటుంబమంతా కలిసి ఆదివారం ఒక పూట ఇంటికి దగ్గరలో గడపడం ఆరోగ్యానికి ఎలా మేలు చేస్తుందో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సోమవారం ఉదయం వచ్చే తలనొప్పి

సోమవారం ఓపీలో బీపీ చూసేటప్పుడు నేను తరచుగా ఒక ప్రశ్న అడుగుతాను. "అక్కా, నిన్న ఆదివారం ఏం చేసినవు?" ఒకసారి తలనొప్పితో వచ్చిన ఒక తల్లి ఇలా చెప్పింది.

"నిన్న అందరం కలిసి బయటికి పోయినం సిస్టర్. నాలుగు గొట్టంగ లేసి పూరీలు, కూర, పులిహోర చేసిన. ఆడికి పోయి అందరికి పెట్టిన. ఇంటికొచ్చి గిన్నెలు తోమిన. పిల్లలైతే మంచిగ ఆడుకున్నరు."

"మరి నువ్వు ఎప్పుడు కూసున్నవు?"

ఆమె కాసేపు ఆలోచించి, "ఆటోల కూసున్న సిస్టర్" అంది.

ఆమె బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆదివారం హడావుడిలో మాత్ర వేసుకోవడం కూడా మరచిపోయింది. ఇంట్లో అందరికీ అది సెలవు. ఆమెకు మాత్రం రెండింతల పని. మా ఇంట్లో కూడా చాలా ఏళ్లు ఇలాగే జరిగింది కనుక ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

2019లో మన దేశంలో ప్రజలు రోజును ఎలా గడుపుతున్నారో తెలుసుకోవడానికి ప్రభుత్వం కాల వినియోగ సర్వే చేసింది. ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు 5 గంటలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంటి పనిలో చేయి వేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలే. ఆదివారమైనా ఈ లెక్కను కొంచెం సరిచేయవచ్చు.

సెలవు ఊరికే రాలేదు

ఆదివారం సెలవు మనకు మొదటి నుండి ఉన్నది కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులు ఒకప్పుడు వారమంతా పని చేసేవారు. వారానికి ఒక రోజు సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు 1880లలో వారి తరఫున పోరాడారు. చివరకు 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవు ఇవ్వడానికి అంగీకరించారు. పత్తి, జిన్నింగు మిల్లుల మధ్య బతికే మన భైంసా వాళ్లకు ఈ కథ దగ్గరిదే. శరీరానికి ఒక రోజు విశ్రాంతి కావాలని కష్టజీవులు అడిగి తెచ్చుకున్న రోజు ఇది. దాన్ని టీవీ ముందో, ఫోను ముందో పోగొట్టుకోవద్దు.

దూరం వద్దు, ఒక పూట చాలు

విహారం అనగానే చాలామందికి జీపు మాట్లాడుకుని, అప్పు చేసి దూరం పోవడం గుర్తుకొస్తుంది. తెల్లవారుజామున బయలుదేరి అర్ధరాత్రి తిరిగి వస్తే అది విశ్రాంతి కాదు. డ్రైవరుకు నిద్ర ఉండదు, పిల్లలకు వాంతులు, ముసలివాళ్లకు కాళ్ల వాపు. మరునాడు బడికి, పనికి పోవడం కష్టం.

మన ఊరి పక్కనే గడ్డెన్న వాగు ప్రాజెక్టు ఉంది. సాయంత్రం గట్టు మీద చల్లటి గాలికి కాసేపు నడవవచ్చు. కొంచెం ఎక్కువ సమయం ఉంటే ముధోల్ మీదుగా బాసర పోయి గోదావరి చూసి పొద్దుగూకే లోపు ఇల్లు చేరవచ్చు. అదీ కుదరకపోతే సొంత చేను గట్టున వేపచెట్టు నీడ చాలు. కార్తీకంలో వనభోజనాలకు పోవడం, సద్దుల బతుకమ్మ నాడు చెరువు దగ్గర సద్దులు పంచుకుని తినడం మనకు అలవాటే.

ఇలా ఒక పూట బయట గడిపితే కలిగే మేలు ఏమిటి?

1. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. ఆదివారం ఒక గంట నడిస్తే అందులో మూడవ వంతుకు పైగా పూర్తవుతుంది. మిగతాది వారంలో సర్దుకోవాలి.

2. పిల్లలకు రోజుకు 60 నిమిషాల ఆటపాటలు అవసరం. పగటి వెలుతురులో ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ప్రమాదం తగ్గుతుంది.

3. నడుస్తూ మాట్లాడుకునేటప్పుడు ఇంట్లో బయటపడని మాటలు బయటపడతాయి. బడిలో ఎవరో కొడుతున్నారని కొడుకు చెప్పవచ్చు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని అత్త చెప్పవచ్చు. కొన్ని జబ్బులు ఇలా మొదట్లోనే తెలుస్తాయి.

పని పంచుకోండి

శనివారం రాత్రి అందరూ కూర్చుని ఎవరి పని ఏమిటో మాట్లాడుకోండి.

- వంట ఒక్కటే రకం చాలు. జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, ఉల్లిగడ్డ, జామపండ్లు ఉంటే కడుపు నిండుతుంది. అటుకులు నాన్నకైనా చేయడం వస్తుంది.
- నీళ్లు నింపడం, చాప మోయడం పెద్ద పిల్లల పని. ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికీ చెప్పండి.
- వడ్డించే పని భర్తది. ఆ రోజు అమ్మ మొదటి పంక్తిలో కూర్చోవాలి.
- తిరిగి వచ్చాక గిన్నెలు తోమడం అందరిదీ. నలుగురు చేయి వేస్తే పావుగంట పని.
- బీపీ, షుగరు మాత్రలు వేసుకునే వారిని అడిగి గుర్తుచేసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

"మగవాడు వడ్డిస్తే నలుగురు ఏమంటారు?" అని కొందరు అడుగుతారు. పెళ్లిలో బంతి భోజనాలకు వడ్డించేది మగవాళ్లే కదా! అక్కడ లేని నామోషీ ఇంటివాళ్లకు వడ్డిస్తే ఎందుకు?

ఆహారం, ఎండ

వండిన పదార్థాలను 2 గంటలకు మించి బయటి వేడిలో ఉంచితే అందులో క్రిములు పెరుగుతాయి. ఎండాకాలంలో ఇంకా త్వరగా పాడవుతాయి. మాంసం, గుడ్లు, పెరుగన్నం విషయంలో ముఖ్యంగా జాగ్రత్త. సబ్బు, కాచి చల్లార్చిన నీళ్లు వెంట తీసుకుపోండి. చేతులు కడగకుండా ఎవరూ తినవద్దు. వాగు నీళ్లు తాగవద్దు. పురుగుమందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా అందులో నీళ్లు నింపరాదు. కొత్తగా మందు కొట్టిన పత్తిచేను పక్కన చాప పరచవద్దు.

వేసవిలో ఉదయం 11 నుండి సాయంత్రం 4 గంటల వరకు నీడ పట్టున ఉండాలి. పోతే పొద్దున్నే పోవాలి, లేదా ఎండ తగ్గాక పోవాలి. ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఇవ్వండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు మంచి నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న టీ చెంచాతో, గోపురంగా కాకుండా సమంగా కొలవాలి. ఎండలో ఉన్నవారు తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీళ్లతో తడిపి, గాలి విసురుతూ 108కి ఫోను చేయండి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు భోజనం ఆలస్యం చేయరాదు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే 3 చెంచాల పంచదార వెంటనే తినిపించాలి. అందుకే చిన్న పొట్లం ఒకటి జేబులో ఉండాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు.

నీళ్ల దగ్గర: నా అనుభవం

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి.

కొన్నేళ్ల క్రితం మా కుటుంబం ఒక ఆదివారం మా పుట్టింటి ఊరి చెరువు దగ్గరకు పోయింది. పెద్దవాళ్లం ఏడుగురం ఉన్నాం. నేను విస్తర్లు సర్దుతున్నాను. మా తమ్ముడి కొడుక్కి అప్పుడు నాలుగేళ్లు. ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో ఆడుకుంటున్నాడు. నేను వాళ్ల అమ్మ చూస్తోందనుకున్నాను. ఆమె వాళ్ల నాన్న చూస్తున్నాడనుకుంది. అతను నేను నర్సును, దగ్గరలోనే ఉన్నాను కదా అనుకున్నాడు. పిల్లవాడు అరవలేదు. నీళ్ల చప్పుడు కూడా కాలేదు. బట్టలు ఉతుకుతున్న ఒక ముసలమ్మ "పోరడు, పోరడు" అని కేక వేస్తే తిరిగి చూశాం. అప్పటికే బోర్లా పడి ఉన్నాడు. దేవుని దయవల్ల బయటకు తీయగానే దగ్గి ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే నాకు కాళ్లలో బలం పోయి అక్కడే కూలబడ్డాను. ఇన్నేళ్ల నర్సు చదువు, అనుభవం ఆ నిమిషంలో ఎందుకూ పనికిరాలేదు.

అందరూ చూస్తున్నారనుకున్నాం. ఎవరూ చూడలేదు.

2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వారిలో దాదాపు పావు వంతు ఐదేళ్లలోపు పిల్లలు. మునిగిపోయే పిల్లలు సినిమాల్లో చూపించినట్లు కేకలు వేయరు. నోరు నీటిలో ఉంటుంది కనుక అరవలేరు. ఒకటి రెండు నిమిషాలలోనే అంతా జరిగిపోతుంది. అందుకే ఈ నియమాలు పాటించండి.

1. నీటి దగ్గర కాపలా ఒకరి పేరున ఉండాలి. "ఇప్పటినుండి అరగంట నేను చూస్తా" అని పైకి చెప్పాలి. ఆ అరగంట ఫోను, కబుర్లు, భోజనం వద్దు. తరువాత మరొకరి పేరు చెప్పి అప్పగించాలి. మద్యం తాగిన వారికి కాపలా అప్పగించవద్దు.

2. ఐదేళ్లలోపు పిల్లలు చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి.

3. ప్రాజెక్టు గేట్ల దగ్గర, వాగు దిగువన దిగవద్దు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే నీరు పెరుగుతుంది. గేట్లు ఎత్తితే పరుగెత్తే సమయం కూడా ఉండదు. నీటి అంచున సెల్ఫీలు అసలే వద్దు.

4. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. చీర, పంచె, తాడు, పొడవాటి కర్ర అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసిరినా పట్టుకుని తేలవచ్చు.

5. బయటకు తీసిన వారిని తలకిందులుగా వేలాడదీయవద్దు. కడుపు నొక్కి నీళ్లు కక్కించవద్దు. ఒకరు 108కి ఫోను చేయాలి. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటి ద్వారా 2 సార్లు ఊపిరి ఊదాలి. తరువాత ఛాతీ మధ్యలో వేగంగా, గట్టిగా 30 సార్లు నొక్కాలి. చిన్నపిల్లలకు ఒక చేయి చాలు. సహాయం వచ్చేవరకు ఇలాగే చేస్తూ ఉండాలి.

6. తేరుకున్నా సరే, ఆసుపత్రిలో చూపించాలి. దగ్గు, ఆయాసం తరువాత కూడా రావచ్చు.

ముగింపు

వంట పంచుకోవడం, కాపలా పంచుకోవడం రెండూ ఒకటే పాఠం. ఒక్కరి మీదే వదిలేస్తే ఆ ఒక్కరు అలసిపోతారు. ఎవరి మీదా పెట్టకపోతే ప్రమాదం జరుగుతుంది. పేరు పెట్టి పంచుకుంటే అందరికీ విశ్రాంతి దొరుకుతుంది.

ఆ తలనొప్పి తల్లి నెల తరువాత మళ్లీ బీపీ చూపించుకోవడానికి వచ్చింది. మాత్రలు సరిగా వేసుకుంటోంది, బీపీ తగ్గింది. "మొన్న మా ఆయన అటుకులు చేసిండు సిస్టర్, ఉప్పు ఎక్కువైంది" అని నవ్వింది. బీపీ ఉన్నవారికి ఉప్పు తగ్గించాలని ఈసారి ఆయనకు చెప్పమన్నాను.

ఇంట్లో చర్చించుకోండి

1. పోయిన ఆదివారం మీ ఇంట్లో అందరికంటే తక్కువసేపు కూర్చున్నది ఎవరు?
2. వచ్చే ఆదివారం వారి పనుల్లో ఏ రెండు మీరు తీసుకుంటారు?
3. మీ ఇంటికి గంట ప్రయాణంలోపు ఖర్చు లేకుండా పోగలిగిన చోటు ఏది?
4. అక్కడ నీళ్లు ఉంటే మొదటి అరగంట కాపలా ఎవరిది? పేరు చెప్పండి.