రైలు కబురు

రైలును నడపడం ఎంత ముఖ్యమో, అది ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ప్రయాణికులకు తెలపడం కూడా అంతే ముఖ్యం. ప్రయాణికులలో చదువు రానివారుంటారు, చూపు లేనివారుంటారు, వినికిడి లేనివారుంటారు, ఆ ప్రాంతపు భాష తెలియనివారుంటారు. అందుకే రైల్వేవారు ఒకే విషయాన్ని పలు విధాలుగా తెలియజేస్తారు.

ప్లాట్‌ఫారం కొసన పసుపుపచ్చని పలక మీద నల్లని అక్షరాలతో స్టేషను పేరు కనిపిస్తుంది. అది ప్రాంతీయ భాషలోను, హిందీలోను, ఇంగ్లీషులోను ఉంటుంది. చూడలేనివారికి, చదవలేనివారికి లౌడ్‌స్పీకరు తోడ్పడుతుంది. వినలేనివారికి విద్యుత్ దీపాల బోర్డు తోడ్పడుతుంది.

భాష మారినా మారనిది రైలు నంబరు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పశ్చిమ బెంగాలు నుంచి ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా చెన్నై చేరుతుంది. దారిలో బరంపురంలో ఒడియా, విజయవాడలో తెలుగు, చివరకు చెన్నైలో తమిళం వినిపిస్తాయి. కాని చెన్నైకి వచ్చే బండి నంబరు అంతటా 12841. తిరుగు బండి నంబరు 12842. 2010 డిసెంబరుకు ముందు ఇలాంటి నంబర్లకు నాలుగంకెలే ఉండేవి.

రైళ్ళ వేళలను 24 గంటల లెక్కలో రాస్తారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. టికెట్టు మీద '20వ తేదీ, 00.10' అని ఉంటే, 19వ తేదీ రాత్రి పన్నెండు దాటిన పది నిమిషాలకు బండి బయలుదేరుతుందని అర్థం. 20వ తేదీ రాత్రి భోజనం చేసి స్టేషనుకు వెళ్ళినవారికి ఆ బండి దొరకదు.

పూర్వం స్టేషను మాస్టరు వెనుకటి స్టేషను నుంచి వచ్చిన కబురును బట్టి రైలు రాకను తెలుసుకునేవాడు. ఇప్పుడు అనేక ఇంజన్లలోని పరికరాలు ఉపగ్రహాల సాయంతో 30 సెకన్లకొకసారి బండి ఉన్న చోటును తెలుపుతున్నాయి. ప్రయాణికులు 139 నంబరుకు ఫోను చేసి కూడా వివరాలు తెలుసుకోవచ్చు.

అయితే కబురు నిజమైతే చాలదు, వేళకు అందాలి. ప్లాట్‌ఫారం మారిందని చివరి నిమిషంలో చెబితే జనం ఒక్కసారిగా వంతెన మెట్ల వైపు పరుగెత్తుతారు. తొక్కిసలాటలో పసిపిల్లలు, వృద్ధులు ప్రమాదానికి గురి కావచ్చు. ఆ మాటే కాస్త ముందుగా చెబితే అందరూ నెమ్మదిగా నడిచి వెళ్తారు. కనుక సకాలంలో అందిన సమాచారం ప్రయాణికునికి సౌకర్యమే కాదు, రక్షణ కూడా.

ప్రశ్నలు

1. రైల్వేవారు ఒకే విషయాన్ని పలు విధాలుగా ఎందుకు తెలియజేస్తారు?
2. '5వ తేదీ, 00.30' బండికి ఏ తేదీ రాత్రి స్టేషనుకు వెళ్ళాలి?
3. మీ ఊరి బస్టాండులో గాని, స్టేషనులో గాని ఏయే భాషలలో బోర్డులున్నాయో చూసి రాయండి.