కంచె గుంజల ఎంపిక

చేనుకు కంచె వేయునపుడు ముండ్లతీగె విషయములో చూపినంత శ్రద్ధ రైతులు గుంజల విషయములో చూపుట లేదు. తీగె గట్టిగా నుండగానే గుంజలు మొదట విరిగి కంచె ఒరిగిపోవుట తరచు చూచుచున్నాము. గుంజలు కొనుటకు ముందు ఈ క్రింది విషయములు గమనింపుడు.

గుంజ ఎచ్చట చెడును?

పాడైన గుంజ నొకదానిని పెరికి చూడుడు. పైభాగము బాగుగనే యుండును. చెడినచోటు సాధారణముగా నేలమట్టమునకు సరిగా, దాని క్రింద జానెడు లోతు వరకు నుండును. కఱ్ఱను కుళ్లించు శిలీంధ్రములకు తేమ, గాలి రెండును కావలెను. నేలపైన తేమ నిలువదు. బాగా లోతున గాలి చాలదు. నేలమట్టమున రెండును దొరకును. చెదలు కూడ మట్టిలోనుండియే ఎక్కును. కావున ఆ జానెడు భాగము నిలుచునా, నిలువదా అని చూచియే గుంజను ఎన్నుకొనవలెను.

చేవయు, తెల్లచెక్కయు

మ్రాను నడుమనుండు ముదురు రంగు భాగము చేవ, చుట్టునుండునది తెల్లచెక్క. టేకు, సండ్ర, నారేపి వంటి చెట్ల చేవ స్వభావముచేతనే చెదలకు, కుళ్లునకు లొంగదు. డెహ్రాడూనులోని అటవీ పరిశోధనా సంస్థవారు కఱ్ఱముక్కలను సగము వరకు నేలలో పాతి, అవి ఎంతకాలము నిలుచునో పరీక్షించిరి. సగటున 120 నెలలు లేక అంతకు మించి నిలిచిన జాతులను మొదటి తరగతిగను, 60 నుండి 120 నెలలలోపు నిలిచినవానిని రెండవ తరగతిగను, 60 నెలలైనను నిలువనివానిని మూడవ తరగతిగను విభజించిరి. టేకు మొదటి తరగతిలోనిది. అయితే ఈ గుణము చేవకే గాని తెల్లచెక్కకు లేదు. లేత టేకు గుంజ పేరునకు టేకే యైనను త్వరగా పుచ్చిపోవును.

మన సరుగుడు, నీలగిరి తోటల గుంజలు చవుక, తిన్నన. కాని లేతవానిలో తెల్లచెక్కయే ఎక్కువ. మందు లేకుండ పాతినచో కొలదికాలములోనే చెదలపాలగును.

ఇచ్చట ఒక విశేషము కలదు. తెల్లచెక్క మందును బాగుగా పీల్చుకొనును, చేవ పీల్చుకొనదు. కావున మందు లేని గుంజ కొన్నచో చేవ ఎక్కువగా నున్నది చూడుడు. మందు ఎక్కించిన గుంజ కొన్నచో గుండ్రముగా, చుట్టును తెల్లచెక్క చెడకుండ నున్నది చూడుడు. చెక్కి పలకలుగా చేసినచో మందు పీల్చు భాగమే పోవును.

మందులు

కఱ్ఱకు ఎక్కించు మందులలో రాగి, క్రోమియము, పాషాణము కలిసిన లవణ మిశ్రమము ప్రసిద్ధమైనది. దీనిని 1933లో డెహ్రాడూను సంస్థలో డాక్టర్ సొంటి కామేశం కనుగొనిరి. రాగి శిలీంధ్రములను, పాషాణము పురుగులను అణచును. క్రోమియము ఆ రెంటిని కఱ్ఱలో స్థిరపరచును. పాషాణము విషము గనుక ఇండ్లలో వాడు కఱ్ఱకు దీని వాడుక అమెరికాలో 2003 చివరకు చాలవరకు మానిపించిరి. పాషాణమునకు బదులు బోరాను చేర్చిన మిశ్రమము కూడ కలదు. ఇంటిదొడ్డికి, పశువులపాకకు దానినే అడుగుడు. బోరాక్సు మాత్రమే పట్టించిన గుంజలు నేలలో పాతుటకు పనికిరావు. వానకు అది కడుగుకొనిపోవును.

ఈ లవణములు ఇంట కలుపవలసినవి కావు. యంత్రములో ఒత్తిడితో ఎక్కించినపుడే మందు లోతునకు పోవును. పైన తారు పూయుట, మొదలు కాల్చుట చాలవు. ఎండకు పగులు తీయగానే చెదలు ఆ పగులుగుండ లోనికి పోవును.

కొనునపుడు

1. పచ్చని రంగు చూచి మోసపోకుడు. రంగునీట ముంచినను గుంజ పచ్చగనే కనబడును. ఒక గుంజను నడుమకు కోయించి చూడుడు. మందు రంగు తెల్లచెక్క అంతటికి వ్యాపించి యుండవలెను. కొనలయందు మందు ఎక్కువగా దిగును గనుక కొనను మాత్రము చూచి నిర్ణయింపరాదు.

2. వరుస గుంజలు 4, 5 అంగుళముల లావు, మూలగుంజలు 6 అంగుళముల లావు ఉండవలెను. బెరడు పూర్తిగా తీసినవై యుండవలెను.

3. కోతలు, రంధ్రములు మందు ఎక్కించుటకు ముందే చేయించుడు. తరువాత కోయవలసివచ్చినచో కోసిన కొనను పైకి ఉంచి పాతుడు.

4. 7 అడుగుల గుంజను 2 అడుగులు పాతి, మట్టిని పొరలు పొరలుగా దిమ్మెస కొట్టుడు. మొదట నీరు నిలువకుండ మట్టిని ఎత్తుగా పోయుడు.

5. మందు ఎక్కించిన కఱ్ఱముక్కలను పొయ్యిలో గాని మంటలో గాని వేయకుడు. పొగ, బూడిద విషము. పశువుల తొట్లకు వాడకుడు. పొట్టును పశువుల క్రింద పరువకుడు.

ఖర్చు లెక్క

చదరముగానున్న ఎకరము చేను చుట్టుకొలత సుమారు 835 అడుగులు. 8 అడుగులకొకటి చొప్పున 105 గుంజలు కావలెను. మందులేని గుంజ 100 రూపాయలకు దొరకి 3 ఏండ్లు నిలిచెననియు, మందు ఎక్కించినది 250 రూపాయలకు దొరకి 15 ఏండ్లు నిలిచెననియు అనుకొనుడు. 15 ఏండ్లలో మొదటివానిని ఐదుసార్లు కొనవలెను. ఖర్చు 52,500 రూపాయలు. రెండవవానికి 26,250 రూపాయలే. మాటిమాటికి గోతులు తీయు కూలి వేరు. మీ ఊరి ధరలు వేసి ఇట్లే లెక్క చూచుకొనుడు. రాతికడీలు గాని కడప బండలు గాని దగ్గరలో చవుకగా దొరకు చోట వానిని కూడ ఈ లెక్కలో చేర్చి చూడుడు.

పంచాయతీ, పాఠశాల కంచెలకు గుంజలు తెప్పించు గ్రామాధికారులు జాతి, లావు, మందు పేరు వ్రాసి, భారత ప్రమాణము ఐ.ఎస్. 401 ప్రకారము మందు ఎక్కించవలెనని కోరవలెను. సరుకు రాగానే ఒక గుంజను కోయించి చూచిన పిమ్మటనే బిల్లు చెల్లించవలెను.

మూడేండ్లకొకసారి గుంజలు మార్పించు కంచె, చేను మేసిన కంచెయే యగును.