అబిడ్స్ మిద్దె, నాంపల్లి తోట: సౌరశక్తి గ్రహణం, నిల్వ, వినియోగం

హైదరాబాదులోని అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు నుండి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు రెండు కిలోమీటర్ల దూరమైనా లేదు. 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్న ఈ రెండు చోట్లా ఒక చదరపు మీటరు సమతలంపై ఏడాదిలో పడే సౌరశక్తి ఒక్కటే: సుమారు 1,900 యూనిట్లు, అనగా 6,800 మెగాజౌళ్లు. అబిడ్స్‌లో అది దుకాణ సముదాయాల సిమెంటు మిద్దెలపై పడి వేడిగా మారి, పొద్దుగూకిన తరువాత కూడా గోడలలో నిలిచి ఉంటుంది. పాతతరం వారు బాగ్-ఎ-ఆమ్ అని పిలిచే తోటలో అదే వెలుతురు ఆకులపై పడి పిండిపదార్థమవుతుంది. వ్యవసాయ విద్యార్థి ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలించడం అవసరం. సౌర పంపుసెట్ల విషయంలో రైతుకు అందే సలహా చాలాసార్లు ఫలకం సామర్థ్యం వద్దనే ఆగిపోతున్నది; పట్టిన శక్తి ఎక్కడ, ఏ రూపంలో నిలువ ఉంటుందన్న ప్రశ్న వరకు వెళ్లడం లేదు.

నాంపల్లికి ఈ విషయంతో పాత సంబంధమే ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సౌర కుక్కర్లు, సౌర నీటి హీటర్లు, సౌర దీపాల ప్రచార బాధ్యత వహించిన నెడ్‌క్యాప్ సంస్థ కార్యాలయం ఇక్కడి పిస్గా కాంప్లెక్స్‌లోనే ఉండేది. ఉద్యానశాఖ కార్యాలయం పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉన్నది. ఒకటి ఫలకానికి, మరొకటి ఆకుకు సంబంధించిన కార్యాలయాలు ఇంత దగ్గరలో ఉన్నా, ఆ రెండు విద్యలను కలిపి చెప్పే పాఠం మన పాఠ్యప్రణాళికలలో నేటికీ అరుదు.

మొదట మిద్దె సంగతి. సిలికాన్ ఘటంపై పడిన కాంతికణం ఎలక్ట్రానును కదిలించి నేరుగా విద్యుత్తును పుట్టిస్తుంది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైన తొలి సిలికాన్ ఘటం సామర్థ్యం సుమారు 6 శాతం. నేడు బజారులో దొరికే ఫలకాలది 20 శాతం పైమాటే. వేడి, దుమ్ము, తీగలు, ఇన్వర్టరులో జరిగే నష్టాలను తీసివేస్తే పడిన శక్తిలో 15 శాతం వరకు చేతికి వస్తుంది. అంటే చదరపు మీటరు ఫలకానికి ఏడాదికి దాదాపు 285 యూనిట్లు. వేసవి మధ్యాహ్నం హైదరాబాదు మిద్దెపై ఫలకం ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటుతుంది; 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం ఉత్పత్తి తగ్గుతుంది గనుక, ఎండ అత్యధికంగా ఉన్న వేళలోనే ఎనిమిదో వంతు నష్టపోవలసి వస్తుంది. ఫలకాన్ని దక్షిణ ముఖంగా సుమారు 17 డిగ్రీల వాలున అమర్చాలన్నది సాధారణ నియమం. అయితే మే రెండో వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు ఇక్కడ నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అబిడ్స్ వంటి చోట దిక్కు కన్న నీడే పెద్ద చిక్కు. నీటి ట్యాంకు, లిఫ్టు గది, ప్రకటన బోర్డు, పక్క భవనపు పై అంతస్తు, వీటిలో ఏది నీడ వేసినా ఆ వరుస ఫలకాల ఉత్పత్తి అంతా కుంటుపడవచ్చు.

తోటలోని ఆకు పద్ధతి వేరు. పడిన సౌరశక్తిలో సగం కన్న కొంచెం తక్కువ భాగమే కిరణజన్య సంయోగక్రియకు పనికివస్తుంది. సిద్ధాంతరీత్యా వరి వంటి సి3 పంటలకు గరిష్ఠ సామర్థ్యం సుమారు 4.6 శాతం, మొక్కజొన్న వంటి సి4 పంటలకు 6 శాతం. పొలంలో ఇందులో మూడో వంతు దక్కినా మంచి పంట కిందనే లెక్క. యాసంగిలో 110 రోజుల మొక్కజొన్నపై చదరపు మీటరుకు సుమారు 2,100 మెగాజౌళ్ల ఎండ పడుతుంది. హెక్టారుకు 10 టన్నుల గింజ పండిందనుకుంటే, చొప్పతో కలిపి మీటరుకు 2 కిలోల పొడి పదార్థం, అందులో 34 మెగాజౌళ్లు. అంటే 1.6 శాతం.

ఈ అంకెను చూచి ఆకును తక్కువ చేయడం తొందరపాటు. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ మాంటీత్ 1977లో చూపినట్లు, ఆరోగ్యకరమైన పంట తాను అడ్డగించిన ప్రతి మెగాజౌల్ సౌరశక్తికి సుమారు 1.4 గ్రాముల పొడి పదార్థాన్ని తయారుచేస్తుంది. 1980ల చివరలో ఆయన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేశారు. 'అడ్డగించిన' అన్న మాటే ఇక్కడ కీలకం. విత్తిన తరువాత నెల రోజులకు పైగా వెలుతురులో ఎక్కువ భాగం ఆకుపై గాక వట్టి నేలపై పడుతుంది. అసలు నష్టం అక్కడ. తొలిదశలో నిదానంగా పెరిగే కంది సాళ్ల మధ్య జొన్ననో మొక్కజొన్ననో వేసే మన రైతు ఏ సూత్రమూ చదవకుండానే ఆ వెలుతురును పట్టుకున్నాడు. పైగా ఆకు నీటిని ఆవిరి చేసి తనను తాను చల్లబరచుకుంటుంది. ఫలకానికి ఆ సౌలభ్యం లేదు.

ఇక నిల్వ. కిలో మొక్కజొన్న గింజలలో 4 యూనిట్లకు పైగా శక్తి ఉంటుంది. తేమ 12 శాతానికి తగ్గించి, పురుగు పట్టకుండా చూసుకుంటే నెలల తరబడి చెక్కుచెదరదు. అంతే శక్తిని దాచడానికి 30 కిలోల లిథియం బ్యాటరీ, లేదా 100 కిలోలకు మించిన సీసపు బ్యాటరీ కావాలి. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. నాంపల్లి కార్యాలయాలలో విద్యుత్ అవసరం పగటివేళదే కాబట్టి వాటి మిద్దెలకు బ్యాటరీతో దాదాపు పనిలేదు. అబిడ్స్ దుకాణాల రద్దీ దీపాలు పెట్టిన తరువాత పెరుగుతుంది. నెట్ మీటరింగ్ వారి బిల్లును సరిచేస్తుందే గాని, పగటి విద్యుత్తును రాత్రికి దాచిపెట్టదు. ఆ పని శ్రీశైలం ఎడమగట్టున ఉన్న ఆరు 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్ల వంటివి నీటిని తిరిగి పైకి ఎత్తడం ద్వారా చేయవలసిందే. 1,000 మెగావాట్ల కర్నూలు సౌర పార్కుకు 5,900 ఎకరాలకు పైగా నేల పట్టింది. నగర మిద్దెలు ఖాళీగా ఉండగా సాగుభూమిని ఫలకాలకు అప్పగించడం సమర్థనీయం కాదు.

పొలంలోనూ నిల్వ నీటి రూపంలోనే ఉన్నది, కాని దానిని నిల్వగా లెక్కించేవారు తక్కువ. ఒక ఘనపు మీటరు నీటిని 60 మీటర్లు ఎత్తడానికి 0.16 యూనిట్లు చాలు. పంపు, మోటారు కలిసి 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 0.41 యూనిట్లు. 4.8 కిలోవాట్ల ఫలకాలున్న 5 హెచ్.పి. పంపు రోజుకు 20 యూనిట్లు ఉత్పత్తి చేస్తే సుమారు 49 వేల లీటర్లు పైకి వస్తాయి. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కోరే ఆరుతడి పంట ఎకరానికి 20 వేల లీటర్లు పడుతుంది కనుక రెండెకరాలకు పైగా సరిపోతుంది. వరికైతే ఎకరమే కష్టం. నీటిమట్టం 120 మీటర్లకు దిగితే ఇదంతా సగమవుతుంది.

ఎత్తిన నీటికి నేలే గిడ్డంగి. ఎర్ర చల్కా నేల పై 60 సెంటీమీటర్లలో మొక్కకు అందే నీరు సుమారు 50 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 100. అందులో సగం వాడుకోవచ్చనుకుంటే, మబ్బు పట్టిన రోజులలో చల్కాలోని పంట అయిదు రోజులు, రేగడిలోనిది పది రోజులు నిలదొక్కుకుంటుంది. ఫలకాల ధరలో ఎంత భాగం ఖర్చుపెట్టినా బ్యాటరీ రూపంలో ఇంత నిల్వ దొరకదు.

భూగర్భజలం కూడా నిల్వే, కాని మన గ్రానైటు శిలల పగుళ్లలో అది పరిమితం. ఎండకు బిల్లు లేదు; కనుక మోటారు ఆపడానికి రైతుకు కారణమూ లేదు. 2018 జనవరి 1 నుండి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఉన్న తెలంగాణలో ఈ సంగతి కొత్తది కాదు. 2019లో ప్రారంభమైన పి.ఎం. కుసుమ్ పథకంలో గ్రిడ్‌తో అనుసంధానించిన పంపుల రైతుకు మిగులు విద్యుత్తును అమ్ముకునే వీలు కల్పించారు. తోడని నీటికి ధర పలికించే మార్గం ఇదొక్కటే. ఫలకాల ఉత్పత్తి అధికంగా ఉండే మార్చి నుండి మే వరకే బోర్లలో నీరు అడుగంటుతుంది. అందువల్ల పంపు పరిమాణాన్ని నిర్ణయించే ముందు మే నెల నీటిమట్టాన్ని, నాలుగు గంటలు తోడిన తరువాత బోరు ఇచ్చే నీటిని కొలవాలి. వేసవిలో రోజుకు 20 వేల లీటర్లే ఇచ్చే 60 మీటర్ల బోరుకు 1.8 కిలోవాట్ల ఫలకాలతో 2 హెచ్.పి. పంపు సరిపోతుంది. దానికి సబ్సిడీ ఉన్నదని 5 హెచ్.పి. బిగిస్తే మధ్యాహ్నానికే నీరు దిగిపోయి మోటారు ఆగుతుంది, లేదా రక్షణ పరికరం లేకుంటే కాలిపోతుంది. ఆపై పడే ఎండంతా వృథా.