కానాగంతది ఏ ఊరు?

సీతంపేట సంతలో ఎండు కానాగంతలు చూసే ఉంటారు. అవి మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం రేవువా, ఒడిశా నుంచి వచ్చినవా? పైకి చూసి చెప్పలేం. శాస్త్రవేత్తలు లోపల చూస్తారు.

ముందు ఒక తమాషా. ఈ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానగుర్త. అందులో 'కానగుర్త' మన తెలుగు మాటే! విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు అక్కడి 200 చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. చేపలకు ఇక్కడి పేర్లే రాశాడు. 1816లో క్యువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరునే ఖాయం చేశాడు.

ఇక పాఠం. జీవకణాల్లో డి.ఎన్.ఎ. ఉంటుంది. అది ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల రాత. తరతరాలకీ ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. ఈ తేడాలే జన్యు వైవిధ్యం. రెండు గుంపులు చాలా తరాలు కలవకపోతే ఎవరి తేడాలు వారికే మిగులుతాయి. కలుస్తుంటే తేడాలు చెరిగిపోతాయి.

సముద్రంలో గోడల్లేవు గదా! కానాగంత గుడ్లు నీటిలో తేలుతూ పోతాయి, పెద్ద చేపలు గుంపులుగా తిరుగుతాయి. మలేసియా సముద్రాల కానాగంతల మీద 2015లో వచ్చిన పరిశోధనలో దూరదూరపు రేవుల చేపల మధ్య కూడా పెద్ద తేడా కనబడలేదు. ఇలా తిరిగే చేపను కాపాడాలంటే ఒక్క రేవు ఆగితే చాలదు. తూర్పుతీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఒకేసారి ఆపుతున్నారు.

మన కొండగెడ్డల సంగతి వేరు. జలపాతం పైనున్న చేపలకు కిందివి వచ్చి కలవలేవు. గుంపు చిన్నది, వైవిధ్యమూ తక్కువే. ఒక్క తెగులొస్తే తట్టుకునేవి మిగలకపోవచ్చు.

నిరుడు వేసవిలో మేం నలుగురం గెడ్డలో బ్లీచింగు పొడి చల్లి చేపలు పట్టాం. బుట్టెడు దొరికాయని సంబరపడ్డాం. వేలెడంత పిల్లలు కూడా తేలిపోయాయి, వాటిని ఎవరూ ఏరలేదు. ఈ పాఠం చదివాక తెలిసింది, మేం చంపింది ఒక్క పూట కూరని కాదు. రేవులో తగ్గితే సముద్రం మళ్లీ తెచ్చిస్తుందేమో. గెడ్డకి తెచ్చిచ్చేవాళ్లెవరు?

ఈ సెలవుల్లో గేలంతోనే పడదాం. ఏమంటారు?