యంత్రము చెప్పిన మాట

అనంతపురము పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతము. ఇచట ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఆ కొద్ది వానను నమ్మి రైతులు వేరుసెనగ పండింతురు. ఇట్టి సీమలో ఒకనాటి కూలి పోయినను కుటుంబమునకు కష్టమే. కావున నొప్పి లేని వ్యాధికై ఆసుపత్రికి పోవుటకు పలువురు వెనుకాడుదురు.

మధుమేహము అట్టి వ్యాధి. అది జీవితాంతము వెన్నంటి యుండును. కంటి లోపల రెటీనా యను సన్నని పొర కలదు. దాని రక్తనాళములను ఈ వ్యాధి మెల్లమెల్లగా చెఱచును. తొలిదశలో నొప్పి యుండదు, చూపును తగ్గదు. కనుక చూపు బాగుగా నున్నప్పుడే ఏటేట కంటిపరీక్ష చేయించుకొనవలెను. కాని నేత్రవైద్యులు పల్లెలకు దూరముగా నుందురు.

ఈ కొఱతను తీర్చుటకు కృత్రిమ మేధ తోడ్పడునని శాస్త్రజ్ఞుల ఆశ. గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా రెటీనా చిత్రములతో కంప్యూటరునకు శిక్షణ నిచ్చిరి. అది నేత్రవైద్యులకు తీసిపోకుండ వ్యాధిని గుర్తించుచున్నదని 2016లో ప్రకటించిరి. ఆ చిత్రములలో కొన్ని మధురైలోని అరవింద్ నేత్రవైద్యశాల మొదలగు భారతీయ వైద్యాలయములవి.

ఐనను పరిశోధనాలయము వేఱు, పల్లె వైద్యశాల వేఱు. 2018, 2019 సంవత్సరములలో ఈ సాధనమును థాయిలాండు వైద్యశాలలలో వాడి చూచిరి. వెలుతురు సరిగా లేకపోవుట మొదలగు కారణములచే చిత్రములు మసకబారెను. ఐదింట ఒక వంతుకు పైగా చిత్రములను యంత్రము నిరాకరించెను. అట్టి రోగులు నిపుణుని చూచుటకు వేఱొక ఆసుపత్రికి పోవలసి యుండెను. పని మానుకొని అంతదూరము పోవుట యెట్లని కొందఱు కలతచెందిరి. యంత్రమునకు అది యొక మసక చిత్రము; రోగికి ఒకనాటి కూలి. అనంతపురము పల్లెకును ఈ మాట వర్తించును.

యంత్రము వైద్యునకు సాయపడవచ్చును గాని తుది నిర్ణయము వైద్యుడే చేయవలెనని రోగులు తఱచు కోరుదురు. ఇది అజ్ఞానము కాదు. రైతు మందు కొనగలడో లేడో, అతనిని ఆసుపత్రికి తోడ్కొనివచ్చువారు ఇంట నున్నారో లేరో కంటి చిత్రము చెప్పదు. అవి విని చికిత్సను నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. 2023లో భారత వైద్య పరిశోధన మండలి వెలువరించిన మార్గదర్శకములును రోగి సమ్మతికి, మానవ పర్యవేక్షణకు ప్రాధాన్య మిచ్చినవి.

బాలబాలికలారా! మీ యింట మధుమేహముగల పెద్దలున్నచో వారికి తోడుగా పొండు. యంత్రము వ్యాధి లేదన్నచో, మరల ఎప్పుడు రావలెనో అడుగుడు. ఉన్నదన్నచో, ఆ చిత్రమును వైద్యుడు చూచెనో లేదో అడుగుడు. అట్లు అడుగుట అవిధేయత కాదు. అది రోగి హక్కు.