తెరపై మన అక్షరము – గ్రాఫిక్స్ కార్డు



మన వార్షిక సంచికను ఒక వైపు నుండి తెరచినచో తెలుగు, మరొక వైపు నుండి తెరచినచో ఉర్దూ కనిపించును. కాగితముపై కలసిమెలసి యున్న ఈ రెండు లిపులకు కంప్యూటరు తెరపై మాత్రము మొదట చోటు లేకుండెను. ఆ చోటును కల్పించిన గ్రాఫిక్స్ కార్డును గూర్చియు, దానిని డెస్క్‌టాప్ కంప్యూటరులో అమర్చు విధమును గూర్చియు తెలిసికొందము.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునకు గల ఏకవర్ణ కార్డు తనలో ముందుగా పొందుపరచిన 256 గుర్తులను మాత్రమే చూపగలిగెడిది. తెలుగు ఒత్తు అక్షరము క్రిందికి దిగును. ఉర్దూ అక్షరము పదములోని స్థానమును బట్టి రూపు మార్చుకొనును. ఇట్టి లిపులకు తెరపై ప్రతి చుక్కను వేరుగా వెలిగింపగల కార్డు కావలెను. వాన్ సువన్నుకుల్ అను పరిశోధకుడు తన సిద్ధాంత గ్రంథమును థాయి లిపిలో వ్రాసికొనుటకై 1982లో రూపొందించిన హెర్క్యులీస్ కార్డు అట్టిదే. మన దేశమున కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన పరిశోధన, 1988లో ఏర్పడిన సి-డాక్ సంస్థలో జిస్ట్ కార్డుగా వ్యాప్తి చెందినది. దానిని అమర్చిన కంప్యూటరుపై భారతీయ లిపులు కనిపించెడివి. ఉర్దూకు అక్షర సంకేతములను కూడ ఆ బృందమే సిద్ధపరచినది.

నేడు యూనికోడ్ వలన ఆ పనిని సాఫ్ట్‌వేరే నిర్వహించుచున్నది. కావున కేవలము తెలుగు, ఉర్దూ టైపు చేయుటకు కొత్త కార్డు కొననక్కరలేదు. వీడియో కూర్పు, త్రిపరిమాణ చిత్రములు, కృత్రిమ మేధ గణనములు చేయువారికే అది అవసరము. తండ్రి కష్టార్జితమును వెచ్చించుటకు ముందు ఈ సంగతి ఆలోచింపవలెను.

కొనదలచినచో మదర్‌బోర్డుపై పొడవైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు కలదా, పెట్టెలో కార్డు పట్టునా, పవర్ సప్లై చాలునా యని చూడవలెను. స్లాటు నుండి 75 వాట్లకు మించి లభింపదు. అధికముగా కోరు కార్డునకు పవర్ సప్లై నుండి వేరుగా తీగ కలుపవలెను. ఆరు పిన్నుల తీగ 75 వాట్లను, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లను అందించును.

అమర్చునపుడు కంప్యూటరును ఆపి, ప్లగ్గును ఊడదీసి, స్విచ్చి మీటను ఒకసారి నొక్కవలెను. మిగిలిన విద్యుత్తు పోవును. ఆదిలాబాదు శీతకాలపు పొడిగాలిలో ఉన్ని వస్త్రము విప్పునపుడు చిటపటలాడు స్థిరవిద్యుత్తు చిప్పులను చెరచగలదు. కనుక మొదట పెట్టె యొక్క లోహభాగమును తాకవలెను. పిమ్మట వెనుకనున్న రేకును తొలగించి, బంగారుపూత అంచును తాకక కార్డును ప్రక్కల పట్టుకొని, స్లాటులో ‘టిక్’ మనువరకు సమముగా నొక్కి, స్క్రూ బిగించి, అవసరమైన పవర్ తీగను కలుపవలెను. చివరకు డ్రైవరు అను సాఫ్ట్‌వేరును ఎక్కింపవలెను. కరీంనగరు, రామగుండముల వేసవిలో కార్డు ఫ్యానుకు గాలి అందునట్లు పెట్టెను గోడకు దూరముగా ఉంచి, దుమ్మును అప్పుడప్పుడు తుడువవలెను.

మేము మొదటిసారి మానిటరు తీగను కార్డునకు కలుపక పాతచోటనే ఉంచితిమి. తెర వెలుగలేదు. కార్డు చెడినదని రెండు దినములు దుఃఖించితిమి! మీరట్లు చేయకుడు. తెర వెలిగిన పిమ్మట తెలుగులో ఒక పంక్తి, ఉర్దూలో ఒక పంక్తి వ్రాసి చూడుడు. ఆ రెండు పంక్తుల కొరకే ఒకనాడు ప్రత్యేకముగా ఒక కార్డు కావలసివచ్చినది.